ఏడవలేదని రాయించాను

మా దిక్కు పిల్ల పుట్టిందంటే ఆడా మగా అని తర్వాత అడుగుతారు. ముందు అడిగేది, ఏడ్చిందా అని. ఏడిస్తే మనిషి కింద లెక్క. ఏడవకపోతే ఏ లెక్కా లేదు. మా అత్తగారింట్లో ఈ పట్టింపు మరీ గట్టిది. ఏడ్చి పోయిన పిల్లను ఊరి బయట బొందలగడ్డకు తీసుకుపోయి పెద్దల పక్కన పూడుస్తారు. ఏడవకుండా వచ్చినదాన్ని ఇంటి వెనక, స్నానాలు చేసే బండ దగ్గర గుంత తీసి ఆడవాళ్లే పెట్టేస్తారు. దానికి దినం లేదు, పేరు లేదు. మళ్లీ ఎవరూ దాని ఊసెత్తరు.

నా కొడుకు ఏడవలేదు. అయినా బొందలగడ్డలో వాళ్ల నాయిన పక్కన ఉన్నాడు. అక్కడే ఉండనిస్తారా, తవ్వి తీస్తారా అని ఆ పురుటి రోజుల్లో నేను పడ్డ భయం ఇప్పటికీ నా ఒంట్లోనే ఉంది.

మా ఆయన వరికోత మిషను నడిపేవాడు. సొంత మిషను కాదు, జీతానికి. కోతల కాలంలో నెలకు పది రోజులు కూడా ఇంట్లో ఉండేవాడు కాదు. మా అత్తగారి ఊరు జనగామ దిక్కు. అక్కడ కోతలు అయిపోతే భూపాలపల్లి దాటి కాటారం వైపు పోయేవాడు. అక్కడ పొలాలు ఆలస్యంగా పండుతాయి. ఆ ఏడు కూడా అట్లాగే పోయాడు. గడ్డి ఇరుక్కుంటే తీయడానికి మిషను మీదికి ఎక్కాడు. పైన కరెంటు తీగ ఉంది. అంతే. నాకప్పుడు ఐదో నెల.

కడుపుతో ఉన్నది శవం ముఖం చూడకూడదన్నారు. నన్ను పక్కింట్లో పెట్టి తలుపు వేశారు. డప్పులు రావడం విన్నాను, వాకిట్లో ఆగడం విన్నాను, పోవడం విన్నాను. మూడోనాడు పిట్టకు పెట్టేటప్పుడు కూడా కడుపుతో బొందలగడ్డ తొక్కొద్దని తీసుకుపోలేదు. మా ఆయన్ని ఎక్కడ పెట్టారో నేను చూడలేదు.

ఆయన పోయింది కాటారం దిక్కు కాబట్టి చావు కాగితం కూడా అక్కడి పంచాయతీలోనే. మా మామ రెండుసార్లు బస్సులు మారి పోయి తెచ్చాడు. తెచ్చి ముందు నా చేతికే ఇచ్చాడు.

"దాసుకో పిల్లా. ఇగ గిదే ఉన్నది" అన్నాడు.

నాకు చదువు రాదు. సంతకం పెట్టడం వస్తుంది. అయినా ఆ కాగితంలో మా ఆయన పేరు ఎక్కడుందో మామను అడిగి వేలు పెట్టించుకున్నాను. రోజూ చూడగా చూడగా ఆ అక్షరాల ఆకారం నాకు గుర్తుండిపోయింది. మొదటిది గుండ్రంగా, మధ్యలోది కిందికి తోక ఉన్నట్టు. ఇప్పుడు ఏ కాగితంలో ఉన్నా ఆ పేరు పట్టుకుంటాను.

ఏడో నెలలో నన్ను కన్న మా అవ్వ వచ్చి నన్ను తల్లిగారింటికి తెచ్చుకుంది. అది పెద్దవంగర దగ్గర ఊరు. అక్కడి నుంచి మానుకోట దవాఖానకు చూపించుకోవడానికి పోవాలి. మహబూబాబాదును మేము మానుకోట అనే అంటాం. ఒక్కసారి పోయాను. రెండోసారి పొద్దున్నే బస్సు కోసం నిలబడితే మా ఊరివాడే ఒకడు బండి మీద వస్తూ నన్ను చూసి ఆపి వెనక్కి తిప్పుకున్నాడు. శుభమా అని పొలానికి పోతుంటే ఇదెదురైందేందిరా అని పక్కవాడితో అన్నాడు. మెల్లగా కూడా అనలేదు. నేను బస్సు ఎక్కకుండా ఇంటికి వచ్చేశాను. ఆ తర్వాత మళ్లీ పోలేదు. ఊళ్లో ఆశ వర్కరు, మా ఆశ అక్క, ఇంటికి వచ్చి గోళీలు ఇచ్చిపోయేది. రావే, నేనే తోలుకపోత అనేది. రేపు, ఎల్లుండి అనేదాన్ని.

నెలలు దగ్గర పడ్డాక ఒకనాడు కడుపులో కదలిక తగ్గింది. మర్నాడు అసలు లేదు. బెల్లం నీళ్లు తాగాను. ఎడమ పక్కకు పడుకున్నాను. నిద్రపోతున్నాడేమో అనుకున్నాను. ఈ మాట అవ్వకు చెప్పలేదు, ఆశ అక్కకు చెప్పలేదు. చెబితే మానుకోట పోవాలి, పోవాలంటే బస్సు దగ్గర నిలబడాలి. రెండు రోజులు అట్లా ఊరుకున్నాను.

మూడోనాడు పగటిపూట నొప్పులు వచ్చాయి. ఆశ అక్క వచ్చి 108 బండికి ఫోన్ చేసింది. బండి వచ్చేలోపే కానుపు అయిపోయింది. నాకు సోయి లేదని తర్వాత అందరూ అన్నారు. నాకు సోయి ఉంది. పక్కింట్లో కుక్కర్ కూత వినపడింది. వాళ్ల కోడి గుడ్డు పెట్టి అరవడం వినపడింది. నా కొడుకు వినపడలేదు. ఆశ అక్క వాడి నోరు తుడిచింది, కాళ్లు పట్టుకుని అరికాళ్ల మీద కొట్టింది, వీపు రుద్దింది. కొట్టిన చప్పుడు లెక్కపెట్టాను. తర్వాత కొట్టడం ఆగింది.

నాకు నెత్తురు ఆగకపోతే వచ్చిన బండిలోనే మానుకోటకు తీసుకుపోయారు. మూడు రోజులు అక్కడే ఉన్నాను. అవ్వ నాతో రాలేదు. పిల్లవాడితో ఇంట్లో ఉండిపోయింది. కబురు తెలిసి మా అత్త, మామ ఆటో కట్టుకుని వచ్చారు. దిగుతూనే మామ అడిగిన మాట ఒక్కటే.

"ఏడ్చిండా సెల్లె?"

మా అవ్వ అంది, "ఏడ్చిండన్నా. గంటసేపు ఉన్నడు."

ఇంకేం అడగలేదట. మామ కొత్త తువ్వాలలో చుట్టుకుని ఒళ్లో పెట్టుకుని వాళ్లూరు తీసుకుపోయాడు. అత్త కడిగింది. మామ తన చేతులతో గుంత తీసి మా ఆయన పక్కనే పెట్టాడు. పెట్టేముందు మా ఆయన పేరే వాడికి పెట్టాడట. పోయిన కొడుకు పేరు.

దవాఖానకు వచ్చినప్పుడు అవ్వ నాకు ఇదంతా చెప్పింది. చెప్పి, మంచం పట్టె మీద చెయ్యి పెట్టి, "ఒక్క కూత పెట్టిండు బిడ్డా. నీకు సోయి లేకుండె" అంది.

నేను ఆమె ముఖం చూశాను. ఆమె నా ముఖం చూడలేదు. నాకు అర్థమైంది. మంచిదే చేసింది అనుకున్నాను. కనీసం వాళ్ల నాయిన పక్కకు పోయాడు. ఆ అబద్ధం అక్కడితో అయిపోతుందనుకున్నాను.

పదిహేనో రోజు పంచాయతీ సెక్రటరీ మేడం వచ్చింది. మానుకోట పిల్ల, చిన్న వయసు, స్కూటీ మీద వస్తుంది. నేను పురుట్లో ఉన్నాను. మాలో ఇరవై ఒకటో రోజు దాకా బాలింత గడప దాటదు, పరాయివాళ్లు లోపలికి రారు. పిల్ల లేకపోయినా పురుడు పురుడే అని అవ్వ పట్టు. అందుకని వాకిట్లోనే మాట్లాడారు. నేను తలుపుకు కట్టిన చీర వెనక కూర్చుని విన్నాను.

"అమ్మా, మీ బిడ్డ కానుపుకు రెండు తీర్ల లెక్కలు వచ్చినయి నా దగ్గరికి" అంది మేడం. "మీ వియ్యంకుడు వచ్చి, పిలగాడు పుట్టి గంట బతికి పోయిండని చెప్పిపోయిండు. పుట్టింది రాయాలె, పోయింది రాయాలె అన్నడు. ఆశ అక్క ఇచ్చిన లిస్టులనేమో చచ్చి పుట్టిండని ఉన్నది. నేను ఏది ఎక్కియ్యాలె?"

"ఏదీ ఎక్కియ్యకు" అంది అవ్వ. "ఆనికి రేషన్ బియ్యం కావాల్నా, బడికి పోతడా?"

"ఎట్ల పుట్టినా రాయాల్సిందేనమ్మా. చచ్చి పుట్టినోళ్లకు కూడా వేరే ఫారం ఉన్నది. ఇరవై ఒక్క రోజులల్ల చెప్పాలె. దాటితే తిరుగుడైతది. ఏడాది దాటితే పైనుంచి ఆర్డర్ తెచ్చుకోవాలె."

"అయితే ఏడ్చిండని రాయి."

"నువ్వు విన్నవా?"

"విన్న."

"ఎట్ల ఏడ్చిండు?"

"పిల్లి కూన లెక్క. ఒక్కసారి."

పిల్లి కూన మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఉన్నట్టుండి వాడికొక గొంతు వచ్చింది.

మేడం వదల్లేదు. కోపంగా కాదు, మెల్లగానే అడిగింది. "గంటసేపు ఎవరి చేతుల ఉన్నడు? పాలు పట్టించిండ్రా? బండి వచ్చింది గదా, పిలగాణ్ణి ఎందుకు ఎక్కియ్యలే? ఏం రోగంతోని పోయిండు? చావు ఫారం నింపితే ఇవన్నీ వస్తయి అవ్వా. రేపు దవాఖానోళ్లు కూడా ఇంటికొచ్చి అడుగుతరు."

"నా చేతులనే ఉన్నడు. చక్కెర నీళ్లు పోసిన."

ఒక్కొక్క ప్రశ్నకూ అవ్వ ఒక్కొక్క ముక్క చేర్చింది. చక్కెర నీళ్లు తాగాడు, కళ్లు తెరిచాడు, వేలు పట్టుకున్నాడు. వింటుంటే నేను కూడా వాణ్ణి చూస్తున్నట్టే ఉంది. ఇంకాసేపు అడిగితే బాగుండు అనిపించింది, నిజం చెప్తున్నాను. ఆ వెంటనే ఇంకోటి తట్టింది. వాడు గంట బతికి ఉంటే, ఆ గంట నేను ఒక్కదాన్నే బండిలో మానుకోటకు పోయినట్టు. బతికున్న కొడుకును ఇంట్లో వదిలేసి పోయినట్టు. ఆ గంట కాగితం మీద పడితే ఇక నేను బతికున్నన్నాళ్లూ అందులోనే ఉండాలి.

"మీ బిడ్డను నేను అడగాలె" అంది మేడం.

"ఇరవై ఒకటైనంక వస్తది."

"ఇరవై ఒకటైనంక నా చేతుల ఉండది. పందొమ్మిదో నాడు ఆఫీసుకు తోలుకరా. మీ వియ్యంకునికి కూడా ఫోన్ చేస్తున్న. ఒక్కకాడ కూసోని తేల్చుకుందాం."

మర్నాడు ఆశ అక్క పెరటి వైపు నుంచి వచ్చింది. గోడకు ఆనుకుని నిలబడింది. ఎప్పుడూ గలగల మాట్లాడే మనిషి, ఆ రోజు మాట వెతుక్కుంది.

"మీ అవ్వ బాధ నాకు తెల్వదా. కానీ గంట బతికిండంటే, ఆ గంట నేనేం చేసిన అని అడుగుతరు పిల్లా. నేను చూసింది రాసిన." కొంగుతో ముఖం తుడుచుకుంది. "అయినా నువ్వు ఏడ్చిండంటే నేను ఎదురు చెప్ప. నీ పిల్లగాడు. నువ్వు ఎట్లంటే అట్ల."

ఆమె తిట్టి పోయినా నాకు అంత బరువు ఉండేది కాదు.

పద్దెనిమిదో రోజు అవ్వకూ నాకూ గొడవ అయింది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్తానన్నాను. అవ్వ చేతిలో చేట పక్కన పడేసింది.

"నీకు మతి ఉన్నదా? మీ ఆడిబిడ్డ పిల్లను ఏం చేసిండ్రో యాది లేదా? తొమ్మిది నెలలు మోసింది, ఏడ్వలేదని ఇంటెనక బండ కింద పెట్టిచ్చిండు మీ మామ. కన్నబిడ్డ కడుపుల పుట్టినదానికే గట్ల చేసినోడు, నీ పిల్లగాణ్ణి ఊకుంటడా? తవ్వి తీస్తడు. వాళ్ల నాయిన పక్కలకెల్లి లేపుతడు."

"మరి వాడు ఏడ్వలే కదనే అవ్వా."

"ఏడ్వకపోతే వాడు పిల్లగాడు కాదా?" అంది. ఆ మాట అన్నాక తను ఏమందో తనకే వినపడింది. చేట తీసుకుని లోపలికి పోయింది.

పందొమ్మిదో రోజు పొద్దున్నే నేను గడప దాటాను. అవ్వ ఆపలేదు, వెనకాలే వచ్చింది. వీధిలో ఎవరైనా ఎదురై వెనక్కి తిరుగుతారేమో అని తల వంచుకునే నడిచాను. ఎవరు తిరిగారో, ఎవరు తిరగలేదో చూడలేదు.

పంచాయతీ ఆఫీసులో ఒకే గది. మామ అప్పటికే వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు, పెళ్లికి పోయేవాడిలా. ఒళ్లో కవరు. అందులో కొడుకు చావు కాగితం, ఆధార్ కార్డు జిరాక్స్. ఆశ అక్క కిటికీ దగ్గర నిలబడి ఉంది. నన్ను చూడగానే మామ లేచి కుర్చీ ఇచ్చాడు.

"కూసో పిల్లా. పచ్చిబాలింతవు, నడిచొచ్చినవా" అన్నాడు. తర్వాత మేడం వైపు తిరిగి, "పేరు రాయి మేడం. నా కొడుకు పేరే పెట్టిన. ఇంటిపేరుతో సహా రాయి. ఇల్లు నిలబడాల్సినోడు" అన్నాడు.

అంత సంతోషంగా కాకుండా ఏదన్నా కసిరినట్టు అని ఉంటే నాకు మాట తేలిగ్గా వచ్చేది.

మేడం బల్ల మీద మూడు కాగితాలు పెట్టింది. ఒకటి పుట్టినదానికి, ఒకటి పోయినదానికి. మూడోది కొంచెం దూరంగా పెట్టింది. పెన్ను మూత తీసి నన్ను చూసింది.

"అక్కా, నువ్వు తల్లివి. నువ్వు చెప్పిందే రాస్త. పిలగాడు ఏడ్చిండా?"

అవ్వ నా వెనక నిలబడి ఉంది. ఆమె ఊపిరి నా మెడకు తగులుతోంది. ఫ్యాను తిరుగుతుంటే కాగితాల అంచులు లేస్తున్నాయి. మేడం వాటి మీద రిజిస్టరు పెట్టింది. మామ ముందుకు వంగాడు. ఏడ్చిండు అంటే చాలు. వాడికి పేరు వస్తుంది, ఊరు వస్తుంది, వాళ్ల నాయిన పక్కన చోటు ఉంటుంది. మాట నాలుక మీదికి వచ్చింది కూడా. ఆశ అక్క కిటికీలోంచి బయటికి చూస్తోంది. నా కోసం చూపు తిప్పుకుంది.

"ఏడ్వలే" అన్నాను.

మేడం మూడో కాగితం ముందుకు లాక్కుంది.

"ఏడ్వలే మేడం. ఊపిరి తియ్యలే. ఆశ అక్క కొట్టింది, రుద్దింది, మస్తు చేసింది. నేను సోయిల్నే ఉన్న. నొప్పులు రాకముందే రెండు దినాలు కడుపుల మెదల్లే. నేనే ఎవరికీ చెప్పలే."

ఆ రెండు రోజుల మాట చెప్పాలని అనుకుని పోలేదు. మొదటిది బయటపడ్డాక దాని వెంట వచ్చేసింది. అవ్వ ఊపిరి నా మెడ మీద ఆగిపోయింది.

మామ నన్ను చూడలేదు. అవ్వను చూశాడు. "సెల్లె, నువ్వు నాకు గట్ల చెప్పలేదు గద" అన్నాడు. అవ్వ కొంగు నోట్లో పెట్టుకుంది. "నా చేతులతోని పెట్టిన గద సెల్లె" అన్నాడు. అంతే. కవరు కుర్చీ మీదే వదిలేసి బయటికి పోయాడు. టీవీఎస్ బండి స్టార్ట్ చేసిన చప్పుడు వినపడింది.

"పోయిండు" అంది అవ్వ. "గడ్డపార తీస్తడు ఇప్పుడు."

నాకు లేచి పరుగెత్తాలని ఉంది. కానీ మూడో కాగితం ఇంకా ఖాళీగా ఉంది. "తొందరగా రాయి మేడం" అన్నాను. రాసింది. నా వయసు, ఎన్నో కానుపు, ఎన్ని నెలలు మోశాను, ఎవరు చేశారు. మగపిల్లవాడు అని రాసింది. ఎంత సదివినవ్ అంటే సంతకం దాకా అన్నాను. తండ్రి పేరు మామ వదిలిపోయిన కవరులోంచి చూసి రాసింది.

"పిలగాని పేరు?" అన్నాను నేనే.

మేడం పెన్ను ఆపింది. "దీంట్ల పేరుకు గడి లేదక్కా. చచ్చి పుట్టినోళ్లకు ఉండది."

అప్పుడు ఏడుపు వచ్చింది. అంతదాకా రాలేదు. ఏడుస్తూనే కింద సంతకం పెట్టాను. గీత దాటిపోయింది. పర్వాలేదంది మేడం. పుట్టిన సర్టిఫికెట్‌లాగా ఇది ఇంటికి ఇచ్చేది కాదు, రిజిస్టర్లో ఉంటుంది అంది. ఒక జిరాక్స్ అయినా ఇవ్వమన్నాను. ఇచ్చింది. నాలుగు మడతలు పెట్టి రవికలో పెట్టుకున్నాను.

అత్తగారి ఊరికి ఆశ అక్కే ఆటో మాట్లాడింది. తొవ్వ పొడుగునా అవ్వ ఒక్క మాటే అంది. "రెండు దినాలు నాకెందుకు చెప్పలేదే?" ఆటో గుంతల్లో ఎగిరినప్పుడల్లా నా పొట్ట చేత్తో అదిమి పట్టింది.

ఊరి మలుపులోనే మామ బండి కనపడింది. ఇంటి దగ్గర కాదు, బొందలగడ్డ దగ్గర. ఆటో ఆగకముందే దిగాను. పురుట్లో ఉన్నది అక్కడ అడుగు పెట్టకూడదు. అవ్వ తొవ్వ మీదే ఆగిపోయింది. నేను పోయాను.

మామ గడ్డపార పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ముందు మట్టిలో కాళ్లు చాపుకుని మా అత్త కూర్చుని ఉంది. ఇంటికి వచ్చి గడ్డపార తీస్తుంటేనే సంగతి తెలిసి వెంట పరుగెత్తి వచ్చిందట. చెప్పులు కూడా లేవు. ఆమెకు ఒక పక్క పొడుగాటి కుప్ప, ఇంకో పక్క చిన్నది, మూరెడు కూడా లేదు. రెండింటినీ నేను చూడటం అదే మొదలు.

"లే" అంటున్నాడు మామ. "మన ఇండ్ల గట్ల లేదు. ఏడ్వనోణ్ణి ఈడ పెట్టం."

"తవ్వు, నన్నేం అడుగుతవ్. నేను ఈడనే కూసుంట" అంది అత్త.

"తెల్వక పెట్టిన."

"నువ్వు తెల్వక పెట్టినవ్. నేను తెలిసే పెట్టిచ్చిన."

మామ గడ్డపార దించాడు.

"కడిగింది ఎవరు? నేను గద" అంది అత్త. ఆమె గొంతు పైకి లేవలేదు. రేపేం కూర అన్నట్టే మాట్లాడింది. "ఊర్ల పదిమందికి కానుపు చేసిన చెయ్యి ఇది. నీళ్లు పోస్తుంటే తోలు నా చేతికొచ్చింది. గంట బతికిన పిల్లగాని తోలు గట్ల ఊడుతదా? లోపట్నే రెండు దినాలైంది పోయి. అప్పుడే తెలిసింది నాకు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఈడ పెట్టనిస్తువా? నా బిడ్డ పిల్లను పెట్టనిచ్చినవా? ఆరేండ్ల సంది ఆ బండ మీద నేను తానం చేస్తలేను, నీకు తెల్సా? తడకెనక నిలబడి పోసుకుంటున్న. ఒక్కనాడన్నా అడిగినవా ఎందుకని?"

మామ అడగలేదని అతని ముఖంలోనే తెలిసింది. గడ్డపార మీద రెండు చేతులు వేసి దాని మీద ఆనుకున్నాడు. తొవ్వ మీద ఆటో ఇంజను కొట్టుకుంటూనే ఉంది.

అత్త నన్ను అప్పుడు చూసింది. "రెండు దినాలేనా, మూడా?"

"రెండు."

"నాకన్నా ఫోన్ చేస్తే అయిపోతుండె" అంది. తిట్టినట్టు కాదు, ఓదార్చినట్టు కూడా కాదు. ఆ మాట నాకు అట్లాగే మిగిలింది. ఎవరైనా దాన్ని తీసేస్తారని ఇప్పుడు చూడటం లేదు.

మామ నా వైపు తిరిగాడు. "రాసిందా మేడం?"

"రాసింది మామా."

"పేరు?"

"పిల్లగాని పేరుకు గడి లేదంట."

నేను రవికలోంచి కాగితం తీసి మడతలు విప్పాను. చెమటకు తడిసి అంటుకుంది. గుండ్రంగా ఉన్న అక్షరం, తోక ఉన్న అక్షరం వెతికి, దాని మీద వేలు పెట్టి చూపించాను. "నీ కొడుకు పేరు ఈడ ఉన్నది. తండ్రి అని."

మామ ఐదు దాకా చదువుకున్నాడు. కాగితం దూరంగా పట్టుకుని కూడబలుక్కుని చదివాడు, మొదట ఇంటిపేరు, తర్వాత పేరు. పిల్లవాడికి పెట్టిన పేరు కూడా అదే కదా. రెండోసారి చదివాడు. చదివి నా చేతికి ఇచ్చేశాడు.

గడ్డపార తీసుకుని చిన్న కుప్ప దగ్గరికి నడిచాడు. నేను అత్త భుజం పట్టుకున్నాను. ఆయన వంగి, పక్కకు జరిగిపోయిన తుమ్మకంపను కుప్ప మీదికి లాగాడు. గడ్డపారతో రెండు పెద్ద రాళ్లు పెళ్లగించి తెచ్చి కంప కదలకుండా పెట్టాడు.

"కుక్కలు తిరుగుతున్నయి ఈడ" అన్నాడు. ఎవరితోనో కాదు.

ఆ రోజు నన్ను తల్లిగారింటికి పంపలేదు. అత్త తన మంచం నాకు వేసి తను కింద పడుకుంది. మర్నాడు పొద్దున నీళ్లు కాచి తడక వెనక నాకు స్నానం చేయిస్తూ, బండ వైపు చూపు పెట్టి అడిగింది.

"మా బిడ్డదానికి కూడా గసొంటి కాగితం రాస్తరానే?"

"ఆరేండ్లైంది అత్తమ్మా. పైనుంచి ఆర్డర్ తేవాలంట. మస్తు తిరుగుడైతదంట."

అత్త నా నెత్తి మీద ఇంకో చెంబు పోసింది. నీళ్లు కళ్లలోకి పోకుండా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"తిరుగుడే గద" అంది. "తిరుగుదం."